గోధుమ పడనివాడికి బీరు

సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళు బీరు తాగవచ్చా అని ఈ శీర్షికకి ఎవరూ ఉత్తరం రాయరు. రాసినా పేరు పెట్టరు. ఆస్పత్రిలో మాత్రం, పక్కన భార్యో తల్లో లేని సమయం చూసి, గొంతు తగ్గించి అడుగుతారు. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో బీరు మాటేమిటని కొందరు నొచ్చుకోవచ్చు. కానీ ఆ ఒక్క మాట బయటకి రాకపోవడం వల్ల ఒక మనిషికి రెండేళ్ళపాటు రక్తం పట్టకపోవడం నేను చూశాను. అంచేత రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి. గోధుమలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంది. చపాతీ పిండి సాగేది దానివల్లే. కొందరి శరీరం దాన్ని శత్రువుగా భావించి, పోరాటంలో తన చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీసుకుంటుంది. పొర నునుపైపోయాక తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, నీరసం, రక్తహీనత, ఎముకలు గుల్లబారడం అన్నీ వరసగా వస్తాయి. దీనికి గోధుమే కారణమని తేల్చినవాడు డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు. 1944-45 చలికాలంలో హాలండులో కరువొచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ పిల్లలు కోలుకున్నారు. రొట్టె రాగానే మళ్ళీ పడిపోయారు. 1950లో ఆయన దీనిమీదే సిద్ధాంత గ్రంథం రాశాడు.

ఈ జబ్బు పంజాబు వైపు ఎక్కువ, అన్నం తినే మన వైపు తక్కువ. తక్కువ కాబట్టే మనకి త్వరగా తట్టదు. రాత్రిపూట చపాతీ, పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, సాయంత్రం బిస్కట్లు మన ఇళ్ళలోకీ వచ్చాయి మరి.

నేను చెప్పే మనిషికి ముప్ఫై నాలుగేళ్ళు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో లెక్కలు రాస్తాడు. జబ్బు ఇదేనని వేరేచోట ఎండోస్కోపీ చేసి చెప్పారు, గోధుమ మానమన్నారు. మానాడు. అయినా రెండేళ్ళ తరవాత నా దగ్గరికి వచ్చేసరికి హిమోగ్లోబిన్ 7.8. ఇనుము మాత్రలు డబ్బాలకి డబ్బాలు మింగుతున్నాడు. వాళ్ళావిడని వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా తెచ్చి చూపించమన్నాను. ఇంగువ డబ్బా మీద మైదా కలిపినట్టు రాసి ఉంది. మనం కొనే ఇంగువ చాలావరకు పిండి కలిపినదే. కొన్నిటిలో బియ్యప్పిండి, కొన్నిటిలో మైదా. హార్లిక్సు ఉంది, అందులో గోధుమ, మొలకెత్తిన బార్లీ రెండూ ఉంటాయి. వేసవిలో ఒంటికి చలవని కాచే బార్లీ గింజలు ఉన్నాయి. అన్నీ తీసేయించాను. మూడు నెలలకి రక్తం కాస్త కదిలింది, అంతే.

అప్పుడు ఆవిడని మందులు తెమ్మని పంపి, "ఏమయ్యా, ఇంటి బయట ఏం తీసుకుంటావు?" అన్నాను. తలొంచుకున్నాడు. "ఆదివారం స్నేహితులతో రెండు సీసాల బీరు, సార్. గోధుమ కాదు కదా అని..." అన్నాడు. నిజమే, గోధుమ కాదు, బార్లీ. బార్లీలోనూ, రై అనే చలిదేశపు గింజలోనూ గ్లూటెన్ ఉంది. బియ్యం కలిపిన బీరైనా అందులో బార్లీ ఉండనే ఉంటుంది.

మానమన్నాను. కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. "పూరీ మానేశాను. పెళ్ళిళ్ళలో విడిగా కూర్చుంటున్నాను. అందరితో కలిసి కూర్చునేది ఆ ఒక్క పూటే సార్." ఇలాంటివాడికి వద్దని చెప్పి పంపేస్తే ఏమవుతుంది? తాగుతాడు, నా దగ్గర దాస్తాడు.

గ్లూటెన్ లేని బీరు లోకంలో లేకపోలేదు. మా అమ్మాయిని చూడటానికి సియాటిల్ వెళ్ళినప్పుడు అక్కడ చిరుధాన్యాలతో, బక్‌వీట్‌తో కాచినవి రుచి చూశాను. (బక్‌వీట్ పేరులో గోధుమ ఉంది గాని గింజలో లేదు.) జొన్న పాకంతో చేసిన సీసా ఒకటి పల్చగా, తియ్యగా, దగ్గు మందులా ఉంది. మొలకెత్తిన చిరుధాన్యాన్ని వేయించి కాచినది మాత్రం బాగుంది. కాస్త చేదు, వేగిన గింజ వాసన, తెల్లటి నురుగు. బార్లీ బీరు కాదని ఎవరూ చెప్పక్కర్లేదు, తెలుస్తుంది. అయినా రెండో గుక్క తాగబుద్ధేసింది. బార్లీకి ఉన్న సదుపాయం వేరు. మొలకలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు దండిగా ఉంటాయి, పొట్టు వడగట్టడానికి పనికొస్తుంది, మాంసకృత్తులు నురుగు నిలబెడతాయి. జొన్నకి ఇవన్నీ తక్కువ. ఆ ఎంజైముల విషయంలో మన చోళ్ళు జొన్నల కంటే మెరుగు. సిక్కిం, నేపాల్‌లలో పులిసిన చోళ్ళ మీద వేడినీళ్ళు పోసి, గొట్టంతో పీల్చే తోంగ్‌బా అలాంటిదే. చోడంబలి పులవబెట్టుకునే మనకి ఆ పుల్లటి వాసన కొత్తకాదు. అయితే లైసెన్సు లేకుండా ఇంట్లో సారాయి కాచినా బీరు పులియబెట్టినా నేరమే. ఆ ప్రయత్నం చేయకండి.

విదేశాల నుంచి ఎవరైనా తెస్తే సీసా మీద చదవండి. గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. గ్లూటెన్ 'తగ్గించిన' బీరు వేరు. అది బార్లీదే, ఎంజైముతో ముక్కలు చేస్తారు. ఆ ముక్కల్ని పరీక్షలు పూర్తిగా పట్టుకోలేవు. నేనైతే నా రోగికి ఇవ్వను.

ఇక్కడ దొరికేవాటిలో తాటికల్లు, ఈతకల్లు, ఏజెన్సీలోని జీలుగు కల్లు, వీటిలో గ్లూటెన్ లేదు. కానీ దుకాణం కల్లులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం కలిపిన ఉదంతాలు మన తెలుగునాట చాలా ఉన్నాయి. మొలాసిస్‌తో చేసే రమ్ములోనూ గ్లూటెన్ లేదు. అయితే బీరుకి బదులు రమ్ము పట్టమని నేను చెప్పలేను. 650 మిల్లీలీటర్ల మామూలు బీరులో ఉండే సారాయం సుమారు 26 గ్రాములు. 60 మిల్లీలీటర్ల పెగ్గులో 20. సీసా తాగినంతసేపు పెగ్గుతో కూర్చునేవాడు అరుదు, నాలుగు పడతాయి.

మా వాడు బీరు మానేశాడు. ఎండాకాలంలో కశింకోట వైపు తెలిసిన గీత కార్మికుడి దగ్గర, చెట్టు నుంచి దించిన కల్లు పొద్దున్నే ఒక గ్లాసు. మిగతా కాలమంతా స్నేహితుల మధ్య నిమ్మకాయ సోడా పట్టుకుని నన్ను తిట్టుకుంటాడు, ఆ మాట తనే చెప్పాడు. ఆరు నెలలకి హిమోగ్లోబిన్ 11.6.

ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది. ఆయనకి నాలుగేళ్ళ పాప ఉంది, బరువు పెరగడం లేదు. రక్తపరీక్ష రాసి, అదయ్యేదాకా పాపకి రోజూ చపాతీ పెట్టమన్నాను. "వాళ్ళ నాన్నకి పడనిది పిల్లకి పెట్టమంటారేమిటి డాక్టరు గారూ!" అని ఆవిడ గాభరా పడింది. ముందే మానేస్తే రక్తంలో ప్రతిరక్షకాలు తగ్గిపోయి, జబ్బున్నా లేదని వస్తుందమ్మా, అని నచ్చజెప్పాను. నమూనా విశాఖపట్నం వెళ్ళింది. రిపోర్టు వచ్చే వారం వస్తుంది.