కాలికి రింగున్న గోరింక

పెళ్ళి చేసుకున్న ఏ జంటనైనా చిలకా గోరింకల్లా ఉన్నారంటాం గానీ, నిజం చిలకా నిజం గోరింకా ఎదురుపడితే చెట్టు తొర్ర కోసం కొట్టుకుంటాయి. ఎవరి జంట వాళ్ళదే. ఈమధ్య మన కొత్తజంటల్లో సగంమంది హనీమూన్‌కి బాలి వెళ్తున్నారు. ఊయల ఫొటో, బీచ్ ఫొటో, గుడి మెట్ల మీద ఫొటో. ఆ ద్వీపానికి తనదే అయిన ఒక గోరింక ఉందనీ, అడవిలో అది పుట్టి పెరిగిన చోటు ప్రపంచం మొత్తమ్మీద అదొక్కటేననీ తిరిగొచ్చి చెప్పినవాళ్ళు మాత్రం నాకింకా తగల్లేదు.

నేను దాన్ని మొదట చూసింది చిల్లరలో. 2003లో ఇండోనేషియా వేసిన 200 రూపియాల అల్యూమినియం నాణెం మీద ఆ పిట్ట బొమ్మ ఉంటుంది. మన లెక్కలో రూపాయికి అటూ ఇటూ విలువ. అదే పిట్ట దొంగ మార్కెట్లో ఒకప్పుడు వేల డాలర్లు పలికింది.

అక్కడ దాన్ని జలక్ బాలి అంటారు. జానెడు కంటే కాస్త పొడవు, దాదాపు మన గోరింకంత. ఒళ్ళంతా తెలుపు. రెక్కల కొసలూ తోక కొసా మాత్రం నలుపు, సిరాలో ముంచి తీసినట్టు. కంటి చుట్టూ ఈకల్లేని చర్మం మన గోరింకకి పసుపు, దీనికి నీలం. నడినెత్తి నుంచి వెనక్కి వాలిన పొడవాటి కుచ్చు. హుషారొస్తే ఆ కుచ్చు లేపి, తల పైకీ కిందకీ ఊపుతూ కూస్తుంది. జంట కుదిరితే ఇద్దరూ కలిసి ఊపుతారు. పళ్ళు, గింజలు, పురుగులు తింటుంది. గుడ్లు పెట్టడానికి వడ్రంగిపిట్ట వదిలేసిన తొర్రలాంటిది వెతుక్కుంటుంది. వానాకాలంలో జంటలుగా విడిపోతాయి, ఎండలు ముదిరాక గుంపుగా ఒకేచోట నిద్రపోతాయి. ఆకుపచ్చ చెట్టు మీద, చీకటి పడే వేళ, ఒకే చోటికి చేరే తెల్లపిట్టలు. వలేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

1911లో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే ఇరవై ఒక్కేళ్ళ జర్మన్ కుర్రాడు దీన్ని శాస్త్రవేత్తల దృష్టికి తెచ్చాడు. మరుసటేడు రాత్ స్చైల్డ్ ప్రభువు పేరుతో దానికి శాస్త్రీయనామం పెట్టాడు. తొంభై ఏళ్ళు తిరిగేసరికి, 2001లో, అడవిలో మిగిలినవి ఆరని లెక్క తేలింది. కొంత అడవి పోవడం వల్ల. చాలామటుకు పంజరాల వల్ల. పట్టకూడదని చట్టం ఉంది, కాపలా ఉంది. అయినా 1999లో జాతీయ వనంలో పిల్లల్ని పెంచి వదిలే కేంద్రం మీదే ఆయుధాలతో పడి పిట్టల్ని ఎత్తుకుపోయారు.

పక్కనే ఉన్న జావాలో పాతకాలపు మాట ఒకటుంది. మగాడి బతుకు నిండాలంటే ఐదు ఉండాలట: విస్మ, వనిత, తురంగ, కుకిల, చురిగ. సంస్కృతం అక్కడిదాకా నడిచెళ్ళింది కాబట్టి మనకి అనువాదం పెద్దగా అక్కర్లేదు. ఇల్లు, ఆడది, గుర్రం, పిట్ట, బాకు. మన కోకిలే అక్కడ కుకిల అయ్యి పంజరంలోకెక్కింది. ఈ జాబితా చదివినప్పుడు నాకు పిట్ట మీద ఎంత జాలేసిందో, రెండో పేరు మీదా అంతే వేసింది. ఇష్టపడటానికీ సొంతం చేసుకోవడానికీ తేడా లేదనుకునేవాళ్ళు రాసిన జాబితా అది.

బాలి పడమటి కొసన ఉన్న జాతీయ వనానికి, బీచ్‌లన్నీ దాటుకుని, ఒక రోజు ఖర్చుపెట్టి వెళ్ళాను. ఎండిన గడ్డి, ముళ్ళచెట్లు. మన రాయలసీమ గుర్తొచ్చే నేల. ఒక కొమ్మ మీద రెండు కనిపించాయి. బైనాక్యులర్స్‌లో చూస్తే ఒకదాని కాలికి రంగు రింగు. పంజరంలో పుట్టించి వదిలినది. చుట్టుపక్కల చెట్లకి చెక్క గూళ్ళు కట్టి ఉన్నాయి. ఇంతదూరం వచ్చి చూసింది అడవిపిట్టనా, జూ పిట్టనా అని మనసు కాసేపు గునిసింది. "రెండోదానికి రింగు లేదు, చూడండి. అది ఇక్కడే పుట్టింది" అన్నాడు గైడ్.

ఇదే ఈ కథలో మింగుడుపడని ముక్క. పిట్టని చంపిందీ పంజరమే, మిగిల్చిందీ పంజరమే. ఇవాళ అడవిలో కంటే మనుషుల దగ్గరే ఇవి ఎన్నో రెట్లు ఎక్కువ. లైసెన్సిచ్చి పెంచనిచ్చాక ధర పడింది, ధర పడ్డాక దొంగకి ఆశ తగ్గింది. దాన్ని కాపాడటానికి దాని విలువ తగ్గించాల్సొచ్చింది. ఇంకో దారి కూడా ఉంది. పక్కన నుసా పెనిడా అనే చిన్న ద్వీపంలో 2006 నుంచి పిట్టల్ని వదులుతూ వచ్చారు. వదిలేముందు ఊళ్ళవాళ్ళతో మాట్లాడి, పట్టకూడదని గ్రామకట్టుబాటు రాయించారు. చట్టానికి భయపడనివాడు కూడా పక్కింటి కళ్ళకి భయపడతాడు.

మన గోరింకకి ఈ బాధలేం లేవు. రైల్వే స్టేషన్లో సమోసా ముక్క తిని బతికేస్తుంది. మనుషులు ఓడల్లో మోసుకెళ్ళిన దేశాల్లో మరీ బతికేసి, ప్రపంచంలో అత్యంత చెడ్డ చొరబాటు జీవుల వంద పేర్ల పట్టికలో చేరింది. అందంగా ఉండకపోవడం కూడా ఒక రక్షణే కాబోలు.

ఆ రింగు గురించి తర్వాత చాలా ఆలోచించాను. అది బేడీ కాదు. ఈ ఒక్కదాని లెక్క ఎవరో రాసుకుంటున్నారని గుర్తు. అయినా నాకు లెక్కలోకి రావాలనిపించేది ఆ రెండో పిట్టే. ఎవరి జాబితాలోనూ లేనిది.