వంటింట్లో సగం పాట

2024 నవంబరులో ఎడిసన్‌లో దిగాను. న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్ళుండే ఊరు. వచ్చిన మర్నాడే ఒకటి గమనించాను. ఉల్లిపాయలు తరుగుతూనో, గిన్నెలు సర్దుతూనో మా అమ్మాయి ఏదో కూనిరాగం తీస్తూ ఉంటుంది. పాట అందామంటే పాట కాదు. నాలుగైదు మాటలు ఒకే స్వరం మీద నిలబడి, ఒక మెట్టు దిగి, మళ్ళీ అక్కడికే వస్తాయి.

"ఏమిటే అది, కుక్కరు విజిలుకి శ్రుతి కలుపుతున్నావా?" అన్నాను.

"సైలెంట్ నైట్ అమ్మా. నాది ఆల్టో, ఆడవాళ్ళల్లో కింది గొంతు" అంది.

నేను గుంటూరులో లూథరన్ బడిలో చదువుకున్నదాన్ని. 1842లో హేయర్ దొర వచ్చి మొదలుపెట్టిన మిషన్ వాళ్ళ బళ్ళు అవి. ఇంట్లో అమ్మ దగ్గర త్యాగరాజ కీర్తనలు, బడిలో డిసెంబరు రాగానే క్రిస్మస్ పాటలు. సైలెంట్ నైట్ తెలుగులో అర్ధరాత్రి లేపి పాడమన్నా పాడగలను. ఇది అది కాదు. ఆ మాటే అంటే, "మంగళవారం మా బృందగానం రిహార్సల్‌కి రా, నీకే తెలుస్తుంది" అంది.

రిహార్సల్ ఒక చర్చి కింది హాల్లో. అరవైమంది దాకా ఉన్నారు. నర్సులు, బడిపంతుళ్ళు, రిటైరైన పోస్ట్‌మ్యాన్, మా అమ్మాయిలాంటి ఐటీ వాళ్ళు. జీతాలు లేవు సరికదా, ఏడాది చందా వాళ్ళే కట్టుకుంటారు. అందరి చేతుల్లో నల్ల ఫోల్డర్లు, పెన్సిళ్ళు. పెన్సిలు మర్చిపోయి వస్తే డైరెక్టరమ్మ చూపు మామూలుగా ఉండదు.

నేను వెనక మడతకుర్చీలో కూచుని రెండు గంటలసేపు చూశాను. పాడింది తక్కువ, ఆపింది ఎక్కువ. ఒక పొడుగాటి స్వరం దగ్గర అందరూ ఒక్కసారే ఊపిరి తీసుకునేసరికి గోడకి బీట పడ్డట్టు ధ్వని తెగింది. పక్కవాళ్ళు పీల్చేచోట మీరు పీల్చకండి, మాట మధ్యలో దొంగతనంగా పీల్చండి, చప్పుడు కాకుండా మళ్ళీ వచ్చి కలవండి అని చెప్పిందావిడ. నాకు విచిత్రంగా తోచింది. మాట మధ్యలో విరిచామా, మా సంగీతం గురువుగారి తాళం ఆగిపోయేది. సాహిత్యాన్ని నరికేశావన్నట్టు చూసేవారు. ఇక్కడ విరవచ్చు. ఆ మాటని పక్కమనిషి మోస్తూ ఉంటుంది కనక విరిగినట్టే తెలీదు. మాట చివర వచ్చే 'స్' కూడా అంతే. అరవైమందీ తలోసారి అంటే పాముల పుట్టలా ఉంటుందని, కొందరినే అనమంది.

డిసెంబరు కచేరీలో సగం క్రిస్మస్, సగం యూదుల పండగ హనుకా అని పోస్టరు మీద రాశారు. ఈ హనుకా అన్న మాటే వాళ్ళకి పెద్ద పరీక్ష. హీబ్రూలో దాని మొదటి అక్షరం మన 'హ' కాదు, గొంతు వెనకనించి గీరుకుంటూ రావాలి. కొందరు 'హ' అంటున్నారు, కొందరు 'క' అంటున్నారు, ఒకాయన దగ్గుతున్నాడు. మా అమ్మాయి హైదరాబాదులో, మలక్‌పేటలో పెరిగిన పిల్ల. పక్కింటివాళ్ళు 'ఖుదా హాఫిజ్' అనేటప్పటి ఆ 'ఖ' దానికి అక్షరాభ్యాసం కాకముందే పట్టుబడింది. డైరెక్టరమ్మ దాన్ని లేపి నిలబెట్టి అందరికీ వినిపించమంది. ఏ ఇంటి ఉర్దూ ఏ ఊళ్ళో అక్కరకొచ్చిందో చూడండి.

పాటల్లో బాగా పాతది సలమోనే రోస్సీ కట్టిన హీబ్రూ కీర్తన. రోస్సీ ఇటలీలో మాంటువా ప్రభువుల ఆస్థానంలో వయొలిన్ వాయించిన యూదుడు. మొంటెవెర్డి ఉన్నది కూడా అదే ఆస్థానంలో. యూదులంతా బట్టల మీద పసుపు గుర్తు పెట్టుకు తిరగాలన్న నిబంధన నుంచి 1606లో ఆయనకి మినహాయింపు ఇచ్చారు. యూదుల ప్రార్థనామందిరం సినగాగులో పాడుకునే కీర్తనల్ని చర్చి పాటల్లాగా పలు గొంతులకి కట్టి, 1622-23లో వెనిస్‌లో అచ్చు వేయించాడు. అచ్చులో వచ్చింది చిక్కు. సంగీతం గుర్తులు ఎడమనించి కుడికి నడుస్తాయి, హీబ్రూ కుడినించి ఎడమకి. రెండింటినీ వాటి దారినే వదిలేశారు. పైన స్వరం ఇటు పోతుంటే కింద మాట అటునించి వస్తుంది. పాడేవాళ్ళకి మాటలు ఎలాగూ నోటికి వచ్చు కనక గడిచిపోయిందట. ఇప్పుడు వీళ్ళ ఫోల్డర్లలో ఆ గొడవ లేదు, హీబ్రూని ఇంగ్లీషు అక్షరాల్లో విరిచి రాసుకున్నారు. ఎడిసన్‌లో పాట క్లాసుకి వెళ్ళే మా మనవడు త్యాగరాజుని చదివేదీ అలాగే.

విరామంలో టిఫిను. పై గొంతు సొప్రానోల్లో ఒక యూదు పెద్దావిడ, రిటైరైన లెక్కల టీచరు, లాట్కెలు తెచ్చింది. బంగాళాదుంప తురుము, ఉల్లిపాయ కలిపి నూనెలో ఎర్రగా కాల్చిన చిన్న అట్లు, మీద ఆపిల్ గుజ్జు. పచ్చిమిరపకాయ పడి ఉంటే నేను ఇంకా మెచ్చుకునేదాన్ని. నూనె వంటకమే ఎందుకంటే ఆ పండగ కథే నూనె కథ. యూదుల దేవాలయాన్ని గ్రీకు రాజు అంతియొకస్ అపవిత్రం చేస్తే, మక్కబీయులు తిరగబడి గెలిచి క్రీస్తుకి పూర్వం 164లో మళ్ళీ శుద్ధి చేశారు. దీపానికి ఒక్కరోజుకి సరిపడా నూనె దొరికితే అది ఎనిమిది రోజులు వెలిగిందని తాల్ముద్ చెప్తుంది. అందుకే మొదటి రాత్రి ఒక కొవ్వొత్తి, రెండోరాత్రి రెండు, అలా ఎనిమిది. వాటిని వెలిగించడానికి రోజూ ఇంకోటి. "మొత్తం ఎన్నో చెప్పండి" అంది లెక్కల టీచరు. నేను వేళ్ళు మడిచేలోపే మా అమ్మాయి 44 అనేసింది. దుకాణంలో పెట్టె కూడా 44తోనే వస్తుందట.

ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ శాస్త్రం ప్రకారం హనుకా చిన్న పండగే. రోష్ హషానా, యోం కిప్పుర్ లాంటి పెద్దవి ముందే వెళ్ళిపోతాయి. అమెరికాలో క్రిస్మస్ పక్కన పడ్డందువల్ల, పిల్లలు పక్కింటి చెట్టుకేసి చూడకుండా ఉండటానికి ఇది ఇంత పెద్దదైంది. పైగా తేదీ ఏటా జరుగుతుంది. వాళ్ళదీ మనలాగే చాంద్రమానం, 19 ఏళ్ళలో 7 అధిక మాసాలు కలుపుకుని రుతువుల్ని అందుకుంటారు. 2024లో డిసెంబరు 25 సాయంత్రమే మొదటి కొవ్వొత్తి పడింది. అంతకుముందు అలా పడింది 2005లో.

మీ దేశంలో యూదులున్నారా అని అడిగిందావిడ. కొచ్చిన్ పేరు చెప్పాను. మా అమ్మాయి ఫోన్లో చూసి నా ముందు పెట్టింది. మా గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము ఎఫ్రాయీము గోత్రం వాళ్ళమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి, చిన్న సినగాగు కూడా ఉంది. బెనె ఎఫ్రాయీం అంటారట. చేబ్రోలు మీదుగా ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో లెక్కలేదు. ఆ పేరు వినడానికి ఎడిసన్ రావలసి వచ్చింది.

కచేరీ డిసెంబరు 15, ఆదివారం, సాయంత్రం నాలుగింటికి. చర్చి బెంచీలు నిండాయి. బయట అప్పుడే చీకటి పడుతోంది. ఒక పక్క క్రిస్మస్ చెట్టు, ఇంకో పక్క తొమ్మిది కొమ్మల దీపస్తంభం. చర్చిలో నిప్పు కుదరదని దాంట్లో బ్యాటరీ కొవ్వొత్తులు పెట్టారు. నూనె ఎనిమిది రోజులు వెలిగిన పండగకి బ్యాటరీ! లెక్కల టీచరు మాత్రం పండగ ఇంకా రాలేదు కనక ఇదే నయమంది. ఇద్దరు టెనర్లు జ్వరంతో పడుకుంటే, ఆల్టోల్లో గొంతు కిందికి దిగేవాళ్ళని అటు జరిపారు.

కార్యక్రమం కాగితం చూశాను. పద్నాలుగు పాటల్లో హనుకావి నాలుగు. పోస్టరులో సగం అన్నది మర్యాదకి అన్నమాట. ఆ నాలుగింటిలోనూ ఒకటి పిల్లల బొంగరం పాట. ఇటుపక్క దేవదూతలు, నక్షత్రాలు, అటుపక్క బొంగరం. నాకు కొంచెం చిన్నతనంగానే అనిపించింది. రోస్సీ మొదలయ్యాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. పైగా ఏ పాట ఎవరిదో ఆరా తీస్తే ఆ కాగితం మీది రెండు శీర్షికలూ నిలిచేట్టు లేవు. వైట్ క్రిస్మస్ రాసింది ఇర్వింగ్ బెర్లిన్, రష్యానుంచి వచ్చిన యూదు కుటుంబం కొడుకు. పసిబిడ్డగా ఆయన కొడుకు పోయింది 1928లో క్రిస్మస్ రోజునే. 1942లో బింగ్ క్రాస్బీ పాడాక ఆ పాట అమెరికా అంతా అల్లుకుంది. చర్చిల్లో తప్పనిసరి అయిన హార్క్ ద హెరాల్డ్ పాట వరస మెండెల్సన్‌ది. యూదు తత్వవేత్త మోసెస్ మెండెల్సన్ మనవడాయన, చిన్నప్పుడే బాప్తిస్మం ఇప్పించారు. ఆ వరస కట్టింది కూడా దేవుడికి కాదు, 1840లో గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రం పండగకి. అది భక్తి మాటలకి పనికిరాదని ఆయనే అన్నాడు. ఆయన పోయాక 1855లో ఇంకొకరు దాన్ని తీసుకెళ్ళి వెస్లీ రాసిన ఆ పాట మాటలకి తగిలించారు.

హనుకా శీర్షిక కింద హేండెల్ ఉన్నాడు, లూథరన్‌గా పుట్టిన జర్మనువాడు. 1747లో లండన్‌లో మొదటిసారి వినిపించిన ఆయన 'జూడస్ మక్కబేయస్' మక్కబీయుల కథే అయినా, రాయించింది స్కాట్లండు తిరుగుబాటుని అణిచిన ఇంగ్లీషు యువరాజుని పొగడటానికి. అందులో విజయగీతం వరసకి తర్వాతివాళ్ళు హీబ్రూ మాటలు పెట్టుకుని హనుకాకి పాడుకుంటున్నారు. అదే వరస చర్చిలో ఈస్టరు పాట. ముందు బెంచీలో ఒక ముసలాయన ఆ వరస రాగానే ఈస్టరు మాటలు పాడటం మొదలుపెట్టి, భార్య మోచేత్తో పొడిస్తే ఆపేశాడు.

నా మనసు దోచింది మాత్రం ఓచో కందెలికాస్. స్పెయిన్‌నుంచి వెళ్ళగొట్టబడ్డ యూదులు వెంట తీసుకుపోయిన లదీనో భాషలో, బోస్నియాలో పుట్టి అమెరికా చేరిన ఫ్లోరీ జగోడా 1983లో కట్టిన పాట. ఎనిమిది చిట్టి కొవ్వొత్తులని ఒక్కొక్కటే లెక్కపెడుతూ పోతుంది. గజ్జెల కంజిర పట్టుకున్న కుర్రాడు ఒక లెక్క ముందే కొట్టేశాడు. ఏడో కొవ్వొత్తి దగ్గర సగంమంది, ఎనిమిది దగ్గర సగంమంది. డైరెక్టరమ్మ చేతివేళ్ళు పైకెత్తి అందరినీ ఎనిమిది దగ్గర కలిపింది. జనం చప్పట్లు ఈ పాటకే ఎక్కువ.

హల్లెలూయా కోరస్ రాగానే అందరూ లేచి నిలబడ్డారు. ఇది విని ఇంగ్లండు రాజు రెండో జార్జి లేచాడు కనక మనమూ లేవాలంటారు. రాజు లేచినట్టు ఆ కాలపు సాక్ష్యమేదీ లేదు. అయినా నేనూ లేచాను. లెక్కల టీచరు సొప్రానోల్లో ముందు వరసలో నోరంతా తెరిచి పాడుతోంది. ఎంతైనా ఆ మాట వాళ్ళ హీబ్రూదే. దావీదు కీర్తనల్లోంచి బయల్దేరి, లాటిన్ దాటి, గుంటూరు బడి ప్రార్థనలోకి కూడా వచ్చింది.

చివర దీపాలు తగ్గించి సైలెంట్ నైట్. 1818లో ఆస్ట్రియాలో ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్ళో గిటారు మీద పుట్టిన పాట. సభని కూడా పాడమన్నారు. నేను పెదవులు కదిలీ కదలకుండా తెలుగులో అందుకున్నాను, ఛందస్సు సరిగ్గా సరిపోతుంది. అప్పుడు వినపడింది వంటింట్లో విన్న ఆ ఒంటిమెట్టు గొణుగుడు. సొప్రానో పైకి లేచినప్పుడల్లా ఇది కిందనే ఉండి, పై స్వరం రంగు మార్చేస్తోంది. అది ఒక్క మెట్టు దిగినచోట, రెండు వారాలుగా నన్ను విసిగించిన ఆ చోటే, గుండె జారినంత పనైంది. మా అమ్మాయి ఏ వరసలో ఉందో చూద్దామంటే కళ్ళజోడు మసకేసింది.

బయట సన్నగా మంచు. కారు వేడెక్కేదాకా చేతులు రుద్దుకుంటూ కూచున్నాం. "ఏదీ, ఇప్పుడు అసలు వరస పాడవే, కలిసి పాడదాం" అన్నాను.

అది నోరు తెరిచింది, ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది. రెండుసార్లూ ఆల్టోనే వచ్చింది.

"అమ్మా, అసలుది మర్చిపోయాను. అది నువ్వు పాడు" అంది.