మెడ చవకైన చోట (పనిముట్ల కథలు – 6)

ఫాల్స్ సీలింగ్ ఉన్న గదిలో కూర్చున్నప్పుడు ఒకసారి తల ఎత్తి చూడండి. తెల్లగా, నున్నగా, అతుకు కూడా కనపడకుండా ఉంటుంది. ఆ బోర్డులకి స్క్రూలు బిగించిన మేస్త్రీ ఎవరో ఇంటాయన చెప్పగలడు. స్క్రూలు పడేదాకా వాటిని ఏ తల మోసిందో మాత్రం చెప్పలేడు. ఈసారి ఆ తల గురించి రాస్తున్నాను.

మా చిన్నాన్న గుంటూరు చుట్టుపక్కల పదిహేనేళ్లుగా జిప్సం బోర్డు పని చేస్తున్నాడు. ముందు శ్లాబు కింద సన్నటి ఇనుప చానళ్లతో చట్రం కడతారు. దానికి కింద నుంచి బోర్డులు బిగిస్తారు. మామూలు బోర్డు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 12.5 మిల్లీమీటర్ల మందం. బరువు దాదాపు 20 కిలోలు.

20 కిలోలంటే ఏముంది, మా ఇళ్లల్లో ఆడవాళ్లు అంతకంటే ఎక్కువే మోస్తారు అనిపిస్తుంది. కానీ మోసుకుంటూ నడవడం వేరు, కదలకుండా నిలబడడం వేరు. స్టూలెక్కి, బోర్డుని నెత్తికి ఆనించి, రెండు చేతులూ చాచి, మెడ బిగబట్టి నిలబడాలి. మేస్త్రీ చానల్ వెతుక్కుంటూ 9 అంగుళాలకొక స్క్రూ కొట్టుకుంటూ పోతాడు. ఒక్క బోర్డుకి దాదాపు 30 పడతాయి. మొదటి ఎనిమిదో పదో పడేదాకా కిందున్నవాడు తల తీయకూడదు. తీస్తే బరువంతా ఆ నాలుగు స్క్రూల మీద పడి బోర్డు చిట్లిపోతుంది. కళ్లల్లో సుద్దపొడి రాలుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. 12 బై 10 గదికి ఇలాంటివి 5 బోర్డులు. ఇంటికెన్ని గదులో మీరే లెక్కేసుకోండి.

దీన్ని పని అని కూడా అనరు. "ఎవడో ఒకడు పట్టుకుంటాడులే" అంటారు. చిన్నాన్నకి పట్టుకునేవాడు ఆయన కొడుకే. మా తమ్ముడు, డిగ్రీ రెండో సంవత్సరం. కూలి మనిషిని పెట్టుకుంటే చదరపు అడుగుకి వచ్చే రేటులో మిగిలేదంతా ఆ కూలికే సరిపోతుంది. కొడుకు మెడకి కూలి ఇవ్వనక్కర్లేదు. అందుకని వాడు వారానికి రెండు మూడు రోజులు కాలేజీ మానేవాడు.

నేను కాలేజీలో పాఠం చెప్పే మనిషిని. రాని పిల్లల గురించి స్టాఫ్ రూముల్లో ఏమనుకుంటారో తెలుసు. "వీళ్లకి చదువు మీద శ్రద్ధ లేదండీ" అంటారు. శ్రద్ధ ఉంది. అది ఎవరింట్లోనో శ్లాబు కింద బోర్డు పట్టుకుని నిలబడి ఉంది.

ఇదే బోర్డుని అమెరికాలో డ్రైవాల్ అంటారు. అక్కడ దాన్ని పైకెత్తడానికి చేత్తో తిప్పే లిఫ్టు ఉంటుంది. రోజు అద్దెకి కూడా దొరుకుతుంది. ఒక్క మనిషి దాంతో గదంతా బిగించుకుంటాడు. వాళ్ల మెడలేమీ మన మెడలకన్నా సుకుమారమైనవి కావు. అక్కడ మనిషి గంట ఖరీదు. మెడ చవకైన చోట మెడే యంత్రం.

పోయిన వేసవి సెలవుల్లో ఆ లిఫ్టు ఫొటోలు ముందు పెట్టుకుని మేమే ఒకటి చేసుకున్నాం. సామాను చాలావరకు పాత ఇనుము కొట్లోది. బొమ్మ గీసింది నేను. వెల్డింగ్ చేసింది మా గూడెంలో కిటికీ గ్రిల్స్ చేసే అన్న. దగ్గరుండి వంకలు పెట్టింది చిన్నాన్న.

అడుగున రెండున్నర అడుగుల కాళ్లు మూడు, వాటికి బ్రేకులున్న చక్రాలు. మధ్యలో 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 5 అడుగుల ఎత్తు. దాని లోపల 40 మిల్లీమీటర్ల గొట్టం, అదీ 5 అడుగులే. రెండింటి మధ్య వదులు పోవడానికి ప్లాస్టిక్ పట్టీలు. బయటి గొట్టానికి చేత్తో తిప్పే వించ్ బిగించాం. దాని ఉక్కు తాడు పైకెళ్లి, గిలక మీంచి లోపలికి దిగి, లోపలి గొట్టాన్ని అడుగున పట్టుకుంటుంది. పిడి తిప్పితే లోపలి గొట్టం లేస్తుంది. దాని నెత్తిన బోర్డుని మోసే చట్రం. ఆ చట్రం ఒక పక్కకి వాలుతుంది. బోర్డు అంచుని నడుమెత్తులో ఉన్న కొక్కేల మీద ఆనించి మెల్లగా వెల్లకిలా తిప్పితే చాలు, నెత్తికెత్తుకునే పని లేదు.

చిన్నాన్న మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే. "పిడి జారితే?"

వించ్‌లో పళ్ల చక్రం ఉంది, వెనక్కి తిరగబోతే నాలుక అడ్డుపడుతుంది అని చెప్పాను. ఆయనకి అది చాలలేదు. లోపలి గొట్టానికి వరసగా బెజ్జాలు వేయించాడు. బోర్డు పైకి చేరాక బెజ్జంలో లావుపాటి బోల్టు దూరిస్తే అది బయటి గొట్టం అంచు మీద ఆనుకుంటుంది. తాడు తెగినా బోర్డు దిగదు. "దాని కింద నిలబడేది నేను గదమ్మా" అన్నాడు. నా పీహెచ్‌డీ వైవాలో కూడా ఇంత సూటి ప్రశ్న ఎవరూ వేయలేదు.

మొత్తం ఖర్చు 6,500 రూపాయలు.

మా తాత మోట బావులకి తోలు బొక్కెనలు కుట్టేవాడు. ఎడ్లు పల్లంలోకి నడుస్తుంటే మోకు గిలక మీద తిరిగి, నిండు బొక్కెన పైకి వచ్చేది. అదీ లిఫ్టే. తంగేడు చెక్కతో ఆ తోలు పదును చేసింది మాదిగలు, కుట్టింది మాదిగలు, చిరిగితే అతుకేసింది మాదిగలు. బావి మాది కాదు. పొలం మాది కాదు. మేం కుట్టిన బొక్కెనలో వచ్చిన నీళ్లు మేం ముట్టుకోకూడదు. బరువులెత్తే విద్య మాకు కొత్తగా రాలేదు. ఎత్తే పనిముట్టు మా సొంతం కావడమే కొత్త.

మా సాహిత్య విమర్శలో "శ్రమ సౌందర్యం" అని ఒక మాట బాగా వాడతారు. సాయంత్రం ఇంటికొచ్చి మెడకి వేడి గుడ్డ కాపడం పెట్టించుకుంటున్న ఇరవై ఏళ్ల పిల్లాడి ముందు ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. అంబేడ్కర్ ఈ సంగతి సూటిగా చెప్పారు. కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకి ఏం చేశారో విచారిస్తూ 1945లో తెచ్చిన పుస్తకంలో, యంత్రాల మీద గాంధీకున్న వ్యతిరేకతని ఆయన తప్పుపట్టారు. మనిషి పశువు బతుకు నుంచి బయటపడాలన్నా, తీరిక దొరకాలన్నా, ఆ తీరికతో మనసు పెంచుకోవాలన్నా యంత్రం కావాలన్నారు. తీరిక అంటే ఏమిటో నాకు మా తమ్ముడి హాజరులో కనపడింది.

ఇక్కడితో కథ సుఖాంతం అయితే ఈ పోస్టు రాసేదాన్ని కాదు. లిఫ్టుతో పని మొదలుపెట్టిన రెండో నెలలో ఒక కాంట్రాక్టరు చూశాడు. "ఇప్పుడు ఒక్కడివే కదా, రేటు తగ్గించుకో" అన్నాడు.

చిన్నాన్న స్క్రూ గన్ దించకుండానే జవాబిచ్చాడు. "రేటు అడుక్కి కట్టారు గానీ తలకి కట్టలేదు గదండీ. ఇన్నాళ్లూ ఇద్దరం చేస్తే రెండు రేట్లు ఇచ్చారా?"

రేటు తగ్గలేదు. ఆ మాట అనగలిగింది లిఫ్టు ఆయనది కాబట్టి. అదే కాంట్రాక్టరు కొనిచ్చిన లిఫ్టయితే మిగిలిన డబ్బు అటే పోయేది, మెడకి దక్కిన విశ్రాంతి కూడా ఇంకో నాలుగు గదుల పని కింద జమయ్యేది.

మరి కూలికి వచ్చి పట్టుకునేవాడి గతేంటని ఒక మిత్రుడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు: వాడి చేతికి స్క్రూ గన్ ఇవ్వాలి. ఏళ్ల తరబడి బోర్డు కింద నిలబడ్డవాడికి చానల్ ఎక్కడుందో, అతుకు ఎక్కడ పడాలో మేస్త్రీకి తెలిసినంతా తెలుసు. నేర్పకుండా ఆపింది పట్టుకోవడానికి ఒక తల కావాల్సి రావడమే. ఇద్దరికీ చెరొక లిఫ్టు ఉంటే ఇద్దరూ మేస్త్రీలే. అలా కాకుండా కూలీని తీసేసి ఆ డబ్బు జేబులో వేసుకుంటే, అప్పుడు నిలదీయాల్సింది యజమానిని.

కొలతలన్నీ నోటుబుక్కులో గీసి పెట్టాను. మీ ఇంట్లోనో, మీ పేటలోనో సీలింగ్ పని చేసేవాళ్లుంటే చెప్పండి, పంపిస్తాను. డబ్బులేం అక్కర్లేదు. షరతు ఒక్కటే. చేయించుకున్నాక అది రాత్రిపూట పనిచేసేవాళ్ల ఇంట్లోనే ఉండాలి, కాంట్రాక్టరు గోడౌన్‌లో ఉండకూడదు.

జై భీమ్.