సంగీత్ నుంచి ప్యారడైజ్ దాకా

సికింద్రాబాద్‌లో సరోజినీ దేవి రోడ్డును సంగీత్ చౌరస్తా దగ్గర అందుకుందాం. ఇక్కడ ఇప్పుడు సంగీత్ సినిమా హాలు లేదు. అయినా "సంగీత్ కాడ ఆపన్నా" అంటే ఆటో సరిగ్గా ఆగుతుంది. నడిపే కుర్రాడు ఆ హాల్లో ఒక్క ఆట కూడా చూసి ఉండకపోవచ్చు.

సంగీత్ అంటే ఇంగ్లిష్ సినిమా. తెలుగు ఊళ్లో ఇంగ్లిష్ బొమ్మ ఏళ్ల తరబడి ఎలా ఆడింది? రోడ్డు వెంట నాలుగడుగులు వేస్తే తెలుస్తుంది. 1850 నాటి సెయింట్ మేరీస్ చర్చి, కీస్ బాలికల పాఠశాల, కాన్వెంట్లు. వెనక రైల్వే క్వార్టర్లు, అటు కంటోన్మెంట్. సిపాయిలు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, కాన్వెంట్ పిల్లలు టికెట్టు కొనేవాళ్లు. ఆ కంటోన్మెంట్ వైపు తిరుమలగిరిలో 1934లో పుట్టిన సినీ దర్శకుడు శ్యామ్ బెనెగల్‌కు కూడా చిన్నప్పుడు సినిమా పిచ్చి పట్టించింది అక్కడి మిలిటరీ వాళ్ల సినిమా హాలే.

ఆ రోజుల్లో హాలు ఏదైనా టికెట్టు కష్టం మాత్రం ఒక్కటే. మనిషి పట్టేంత వెడల్పున ఇనప కటకటాలు, చివర్లో పిడికిలి దూరేంత కన్నం. లోపలికి పోయిన చెయ్యి చిల్లర వదిలి, చెమటకు మెత్తబడ్డ రంగు చీటీతో బయటికి రావాలి. వెనకవాళ్లు తోస్తుంటే మోచెయ్యి గీరుకుపోయేది.

ముందుకు వెళ్తే క్లాక్ టవర్. 120 అడుగుల ఈ గడియార స్తంభాన్ని 1897లో ప్రారంభించారు. అది దాటితే ప్యాట్నీ చౌరస్తా. ఇక్కడ మహబూబ్ కాలేజీ ముందు కాస్త నిలబడాలి. 1862లో పుట్టిన ఈ విద్యాసంస్థలో 1893 ఫిబ్రవరి 13న వివేకానందుడు తన పాశ్చాత్య యాత్ర ఉద్దేశం గురించి మాట్లాడాడు. వినడానికి వెయ్యి మంది దాకా వచ్చారు. చికాగో సభకు ఇంకా ఏడు నెలలుంది; ఆయన పేరు ప్రపంచానికి తెలియదు. మైకు లేని కాలంలో అంతమంది కూడారంటే, సినిమా రాకముందే ఈ పేటకు వేదిక ముందు కూర్చునే అలవాటుందన్నమాట. బెనెగల్ చదువుకున్నదీ ఈ కాలేజీలోనే.

ఆ అలవాటును ఇప్పటికీ మోస్తున్నది ప్యాట్నీ దగ్గరి హరిహర కళాభవన్. మున్సిపల్ కార్పొరేషన్‌ది. పొద్దున ఒక స్కూలు వార్షికోత్సవం, సాయంత్రం ఒక నాట్య ప్రదర్శన. గజ్జెలు కట్టుకుని పక్క తెర వెనక వంతు కోసం చూసే పిల్లకు, ముందు వరసలో ఫోన్లు పైకెత్తిన బంధువులకు ఇదే రవీంద్రభారతి.

రోడ్డు చివర ప్యారడైజ్. 1953లో ప్యారడైజ్ టాకీసులో చిన్న క్యాంటీన్ మొదలైంది. విశ్రాంతి వేళ చాయ్, తినుబండారాలు. టాకీసు పోయింది, క్యాంటీన్ పెరిగి బిర్యానీకి పేరు మోసింది. చౌరస్తాకు పేరు మిగిలింది, 2017లో మెట్రో వచ్చినప్పుడు స్టేషనుకూ అదే పెట్టారు.

మూడు హాళ్లు, మూడు తలరాతలు. నాలుగాటలు, ఒకటే తెర, మెయిన్ రోడ్డు మీద అంత జాగా. టికెట్ల డబ్బు ఆ నేల ధరతో ఎన్నటికీ పోటీ పడలేదు. సంగీత్ అక్కడే ఓడింది. టికెట్టు కొననివాడికీ అమ్మడం నేర్చుకుంది గనక క్యాంటీన్ గెలిచింది. నీ జాగా విలువెంత అని ఎవరూ లెక్క అడగరు గనక కళాభవన్ నిలిచింది. కాబట్టి మిగిలిన పాత హాళ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు జ్ఞాపకాలు రాసుకుంటే చాలదు. వాటికి సినిమా కాక రెండో బతుకుదెరువు చూపించాలి, లేదంటే కళాభవన్‌లా ఊరి ఆస్తిగా రాయించాలి.