భువనగిరి బండనుండి దక్షిణ హిమగిరికి

గత వేసవిలో మేము డోర్నకల్లు జంక్షనునుండి సికిందరాబాదునకు రైలులో పోవుచుంటిమి. కాజీపేట, జనగామ, ఆలేరు దాటిన పిదప భువనగిరి కొండ కానవచ్చెను. అది కోడిగ్రుడ్డును బోలిన యేకశిల. చాళుక్యప్రభువగు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన దుర్గము దాని శిరమున నున్నది. మా పిల్ల కిటికీనుండి చూచి, "అమ్మా, ఆ బండ నేనెక్కవచ్చునా?" అని యడిగినది. "ఆడపిల్లకు కొండలేల?" అనుమాట మా నోటివరకు వచ్చి యాగిపోయినది.

ఏలయన, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయకూలి చేసికొను లంబాడి దంపతుల బిడ్డ, మాలావత్ పూర్ణ, కొండ లెక్కుటకు ఓనమాలు నేర్చినది యీ బండమీదనే. 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఆమె ఎవరెస్టు నెక్కినది. 2019 డిసెంబరు 26న అంటార్కిటికా ఖండమున కెల్ల నున్నతమైన విన్సన్ శిఖరమును చేరినది.

సోదరీమణులారా, ఆ పర్వతము సంగతి కొంచెము వినుడు. దాని యెత్తు 4,892 మీటర్లు. దక్షిణధ్రువమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున నున్నది. 1958లో విమానమునుండి దానిని కనుగొనిరి. 1966లో అమెరికావారు మొదట నెక్కిరి. అచ్చట ఊరు లేదు, చెట్టు లేదు. చిలీదేశపు పుంటా అరీనాస్ పట్టణమునుండి విమానమున బోయి మంచునేలపై దిగి, మరియొక చిన్న విమానమున కొండయడుగు చేరవలెను. తిండియు, గుడారమును జారుడుబండిపై కట్టి, నడుమునకు త్రాడు తగిలించుకొని లాగుకొనిపోవలెను. త్రాగునీటికి మంచునే కరగించుకొనవలెను. మనము ధనుర్మాసమున తెల్లవారుజామున ముగ్గులు పెట్టువేళ అచ్చట వేసవి. సూర్యుడస్తమింపడు గనుక తెల్లవారుటయు లేదు. ఐనను చలి సున్నకు 30 డిగ్రీలు దిగువకు పోవును.

అట్టిచోటికి బిడ్డను సాగనంపిన తల్లికి గుండె కొట్టుకొనలేదా? కొట్టుకొనియే యుండును. ఐనను త్రోవ కడ్డు నిలువలేదు. 2022 జూనులో ఏడు ఖండముల శిఖరములును ఆ పిల్ల పాదముల క్రిందికి వచ్చినవి.

తిరుగుప్రయాణమున మేము భువనగిరిలో దిగితిమి. ప్రొద్దెక్కకమునుపే మెట్లు పట్టితిమి. సగముదూరమునకే మేము ఆయాసపడి కూలబడితిమి. పిల్ల పైకి సాగినది. "జాగ్రత్త తల్లీ" అంటిమేగాని, "వద్దు" అనలేదు.