వాన నీళ్ళే కదా!

వానాకాలంలో రోడ్డు కుంగిందంటే అందరం రోడ్డు వేసినవాణ్ణే తిడతాం. సివిల్‌లో చేరాక నాకు తెలిసిందేమిటంటే, చాలాసార్లు జబ్బు ఆ కింద రెండు పైపులు కలిసే చోట మొదలవుతుందని.

హ్యూమ్ పైపు గట్టిదే. ఐఎస్ 458 ప్రకారం ఎన్‌పీ3 పైపుని 0.07 మెగాపాస్కల్ నీటి ఒత్తిడితో పరీక్షిస్తారు. అంటే దాదాపు 7 మీటర్ల ఎత్తు నీళ్ళ బరువు. కానీ అది ఫ్యాక్టరీలో పెట్టే పరీక్ష. 2.5 మీటర్ల పైపులు 40 కలిస్తే 100 మీటర్ల లైను. మరి నేలలో దింపాక ఆ అతుకులన్నిటినీ ఎవరు చూస్తారు?

పాత పద్ధతిలో అతుకు చుట్టూ సిమెంటు మాలు పూసేవారు. నేల కాస్త కదిలితే అది పగులుతుంది. మా గుంటూరు వైపు నల్లరేగడి వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిస్తుంది. అలాంటి నేలకి రబ్బరు రింగే మేలు. ఒక పైపు మూతిలోకి ఇంకో పైపు కొస దూరుతుంది, మధ్యలో రింగు నలిగి నీళ్ళని ఆపుతుంది. పైపు కొద్దిగా వంగినా ఓర్చుకుంటుంది.

మొన్న ఎండాకాలం ఇంటర్న్‌షిప్‌లో అదే పని చూశాను. మేస్త్రీ గారు ప్రతి రింగునీ గుడ్డతో తుడిచేవారు. "ఒక్క ఇసుక రేణువున్నా నీళ్ళకి దారి ఇచ్చినట్టే బాబూ" అనేవారు. ఆయన లేనప్పుడు మాత్రం తుడవడాలు లేవు, జేసీబీ బకెట్‌తో నెట్టేయడమే. రింగు మెలిపడిందో లేదో చూసే నాథుడు లేడు.

ఆయన ఎక్కువ భయపడింది మ్యాన్‌హోల్ దగ్గర. అది కాంక్రీటు బెడ్డు మీద కదలకుండా కూర్చుంటుంది. పక్కన పైపు కొత్తగా పూడ్చిన మట్టిలో ఉంటుంది. తొలకరికి మట్టి దిగుతుంది, దాంతో పైపూ దిగుతుంది. గోడలో పైపు చుట్టూ మాలు దట్టించేస్తే విరిగేది అక్కడే. "గోడ పక్కన పొట్టి పైపు వెయ్యాలి బాబూ, అప్పుడు రెండు చోట్ల వంగుతుంది" అన్నారు. గోడలో రబ్బరు స్లీవు కూడా పెడితే ఇంకా మంచిదని తర్వాత చదివాను.

లైనుకి నీళ్ళ పరీక్ష చేయరా అని సైట్ ఇన్‌చార్జిని అడిగాను. "వాన నీళ్ళే కదా తమ్ముడూ, కారితే ఏమైంది?" అన్నాడు.

కారిన నీళ్ళతో పెద్ద గొడవ లేదు. పెద్ద వానకి పైపు నిండి, నీళ్ళు సందులోంచి మట్టిలోకి వెళ్తాయి. వాన ఆగి పైపు ఖాళీ అవగానే అవే నీళ్ళు మట్టిని వెంటేసుకుని లోపలికి వస్తాయి. ప్రతి వానకీ ఇంత మట్టి పోతుంది. పైన రోడ్డు బాగానే కనిపిస్తుంది, కింద మాత్రం గుల్ల. ఒకరోజు దాని మీదకి పాల వ్యానో, బడిపిల్లల ఆటోనో వస్తుంది.

రెండు మ్యాన్‌హోళ్ళ మధ్య లైను మూసి, నీళ్ళు నింపి, పైపు పీల్చుకోవాల్సింది పీల్చుకున్నాక మట్టం ఎంత తగ్గిందో కొలవడమే ఆ పరీక్ష. రేపు మనలో కొందరం ఆ ఇన్‌చార్జి స్థానంలోనే ఉంటాం. మట్టి కప్పకముందే అడుగుదాం. అప్పుడైతే ఒక్క రింగు మారిస్తే సరిపోతుంది, కప్పాక అయితే రోడ్డు తవ్వాలి.