రాణిగంజ్‌లో పసుపు లైటు

ట్యాంక్‌బండ్ దాటి, కర్బలా మైదాన్ మీదుగా ఎంజీ రోడ్ వైపు వెళ్తుంటే రాణిగంజ్ వస్తుంది. సికింద్రాబాద్‌లో బండికి ఏ పార్ట్ కావాలన్నా చాలామంది ముందు ఇక్కడే వెతుకుతారు. బేరింగులు, చైన్‌సెట్లు, క్లచ్ ప్లేట్లు, కేబుల్ కట్టలు... షాపుల నిండా ఇవే. సందుల్లోకి వెళ్తే మెకానిక్‌లు. ఒకప్పుడు వాళ్లకి స్పానర్, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. ఇప్పుడు కొందరి దగ్గర అగ్గిపెట్టె అంత బ్లూటూత్ స్కానర్ కూడా కనిపిస్తోంది.

దీని వెనకున్న తేదీ 2020 ఏప్రిల్ 1. ఆ రోజు నుంచి దేశమంతా బీఎస్‌-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. కొత్త బైకుల్లో కార్బ్యురేటర్ దాదాపుగా పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోల్ ఎంత పంపాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ లెక్కేస్తుంది. ఏదైనా సెన్సర్ తేడాగా చెబితే ఒక కోడ్ రాసుకుని, మీటర్‌లో ఇంజిన్ బొమ్మున్న పసుపు లైటు వెలిగిస్తుంది.

మొన్న చైన్‌సెట్ మార్పిద్దామని వెళ్తే, నా వెనకాలే ఒక డెలివరీ కుర్రాడు వచ్చాడు.

“అన్నా, ఈ లైట్ తీసెయ్యవా? జల్ది పోవాలె.”

“తీసేస్త గానీ, ఎందుకొచ్చిందో చూడాలె గద తమ్మీ. మైలేజ్ ఎట్లుంది?”

“పది రోజుల సంది పెట్రోల్ బాగా తాగుతుంది అన్నా.”

మెకానిక్ సీటు తీసి, లోపలున్న ఆరు పిన్నుల కప్లర్‌కి స్కానర్ తగిలించాడు. ఫోన్‌లో పీ0131 అని కోడ్ వచ్చింది. అంటే ఆక్సిజన్ సెన్సర్ నుంచి వోల్టేజ్ తక్కువ వస్తోంది. సైలెన్సర్ పైపులో ఉండే ఈ సెన్సర్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. ఆ కబురు సరిగ్గా అందకపోతే ఈసీయూ తన అంచనాతో పెట్రోల్ పంపుతుంది. బండి నడుస్తూనే ఉంటుంది, జేబుకి మాత్రం చిల్లు పడుతుంది. రోజంతా సొంత డబ్బుతో పెట్రోల్ పోయించుకుని తిరిగేవాడికి అది చిన్న విషయం కాదు.

వెతికితే సెన్సర్ బాగానే ఉంది. దాని వైరు వేడి పైపుకి ఆనుకుని, తొడుగు కరిగిపోయింది. కొత్త వైరు ముక్క అతికి, స్లీవ్ వేసి, పైపుకి దూరంగా కట్టాడు. ఆ తర్వాతే కోడ్ క్లియర్ చేశాడు. ముందే క్లియర్ చేసి పంపితే ఆ లైటు మళ్లీ వెలిగేది. చూడకుండా సెన్సర్ మార్చి ఉంటే ఆ డబ్బులు దండగ.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, లాగ్ డిలీట్ చేసినంత మాత్రాన బగ్ పోదు. పైగా క్లియర్ కొడితే కోడ్‌తో పాటు, తేడా వచ్చిన క్షణంలో ఇంజిన్ స్పీడ్, వేడి ఎంతున్నాయో దాచిన వివరాలు కూడా చెరిగిపోతాయి. అందుకే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. బ్యాటరీ వైరు పీకితే సరిపోతుందని కొందరంటారు. చాలా బళ్లలో కోడ్ అలా పోదు. నిజంగా రిపేరైతే, వరసగా మూడు డ్రైవింగ్ సైకిల్స్‌లో తేడా కనిపించకపోతే లైటు దానంతటదే ఆరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకి ఇంకో మాట. కీ ఆన్ చేయగానే ఆ లైటు ఒకసారి వెలగాలి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి, ముందు మెకానిక్‌కి చూపించండి.